సైన్యం చేతికి రాని తుపాకీ ఖర్చు దండగేనా?

సంపాదకుడు గారికి,

ప్రయోగ దశలోనే ఆగిపోయిన ఆయుధాల మీద కోట్లు తగలేశారంటూ ఈమధ్య పాఠకుల ఉత్తరాలు వస్తున్నాయి. ముప్పై ఏళ్లు టూల్‌రూమ్‌లో డైలు (లోహానికి ఆకారం తెచ్చే అచ్చులు) చేసినవాణ్ని, నాకా లెక్క మింగుడుపడలేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ మెషిన్‌గన్ 'బెసాల్' సంగతి చూడండి.

1940లో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కిర్క్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ బ్రిటిష్ సైన్యం తన బ్రెన్ గన్‌లను (తేలికపాటి మెషిన్‌గన్‌లను) చాలావరకు ఫ్రాన్స్‌లోనే వదిలేసి వచ్చింది. బ్రిటన్‌లో అవి తయారయ్యేది లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలోనే. దానిమీద బాంబు పడితే? అందుకే మామూలు వర్క్‌షాపుల్లోనూ తయారయ్యే తుపాకీ కావాలన్నారు. బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ అనే తుపాకుల కంపెనీ డిజైనర్ హ్యారీ ఫాక్‌నర్ ఆ పని తలకెత్తుకున్నాడు. అదే బెసాల్. భయం ఉత్తుత్తిది కాదు. 1940 నవంబరు 19న బాంబులు ఆ బీఎస్ఏ మీదే పడి 53 మంది కార్మికులు పోయారు.

బ్రెన్ బాడీని ఉక్కు దిమ్మె నుంచి మిల్లింగ్ మిషన్ మీద తొలుచుకుంటూ రావాలి. దానికెన్ని సెట్టింగులో, ఎంత ఉక్కు పొట్టుగా రాలిపోతుందో మిషన్ దగ్గర నిలబడ్డవాడికి తెలుసు. ఫాక్‌నర్ ఆ జోలికి పోలేదు. రేకును ప్రెస్‌లో వంచి స్పాట్ వెల్డింగ్ (చుక్కలు చుక్కలుగా అతికించడం) పెట్టించాడు. తుపాకీ కాక్ చేయాలంటే, అంటే కాల్చడానికి సిద్ధం చేయాలంటే, పిస్టల్ గ్రిప్‌నే (చేతి పిడినే) ముందుకు తోసి వెనక్కి లాగాలి. 30 తూటాల బ్రెన్ మ్యాగజైనే (తూటాలు నింపే పెట్టె) దీనికీ సరిపోతుంది. నాకు బాగా నచ్చింది ఈ చివరిదే. తుపాకీ కొత్తదైనా సిపాయికి మ్యాగజైన్ల గొడవ లేదు!

పరీక్షల్లో అది బాగానే పేలింది. ఈలోగా ఎన్‌ఫీల్డ్ నిలబడింది, కెనడాలోని టొరంటో నుంచి బ్రెన్‌లు వేలకొద్దీ రాసాగాయి. 1943లో బెసాల్‌ను పక్కనపెట్టారు. ఇల్లు అంటుకోకముందే బావి తవ్వుకున్నారు, అంతే.

మన దగ్గర ప్రాజెక్టు మూసినప్పుడు అది పనికిరాక మూశారో, అవసరం తీరి మూశారో ఒక్క ముక్క చెప్పరు. అది తెలియకుండా ఖర్చును తిట్టలేం, మెచ్చుకోలేం. కారణం బయటపెట్టాలి, డ్రాయింగులు, నమూనాలు దాచాలి. నేను పనిచేసిన చోట ఆర్డరు రద్దయిన డైలన్నిటినీ తూకానికి అమ్మేశారు. రెండేళ్లకు అదే పార్టుకు మళ్లీ ఆర్డరొచ్చింది. డ్రాయింగు కూడా దొరకలేదు. మూలన పడున్న పాత శాంపిల్‌ను వెర్నియర్‌తో కొలుచుకుంటూ మొదటినుంచీ గీసుకున్నాం.

– విశ్రాంత టూల్‌రూమ్ కార్మికుడు, బాలానగర్, హైదరాబాద్