ఆ పేజీ చదివాకే సంతకం పెట్టండి

సంపాదకులకు,

అమెరికాలో ఉద్యోగంలో చేరేటప్పుడు మనవాళ్లు జీతం, వీసా కాగితాలు రెండుసార్లు చూసుకుంటారు. గొడవొస్తే కోర్టుకు కాక మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలనే ఆర్బిట్రేషన్ పేజీ మాత్రం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. నేనూ అంతే. వయసు చూసి ప్రమోషన్ ఆపారని లాయర్ దగ్గరికెళ్తే, ఆయన నా ఆఫర్ కాగితాల్లోంచి 14వ పేజీ తీసి చూపించాడు. కోర్టు లేదు, జ్యూరీ లేదు, మధ్యవర్తి చెప్పిందే తీర్పు! వయసు వివక్ష కేసులకూ ఇలాంటి ఒప్పందం చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు 1991లోనే చెప్పిందట. 2022లో వచ్చిన చట్టం లైంగిక వేధింపుల బాధితులకు కోర్టుకెళ్లే వీలిచ్చింది. జాతి, మతం, వయసు వివక్షకు ఆ వెసులుబాటు ఎందుకివ్వలేదో? ఒకటి మాత్రం నయం, ఉద్యోగాల్లో వివక్షను విచారించే అక్కడి ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేసే హక్కు ఆ సంతకంతో పోదు. గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300.

– ఒక పాఠకుడు, డాలస్