రెండు కార్డుల పీసీ ఆర్డర్ ఇచ్చే ముందు ఇది చదవండి

240 హెర్ట్జ్ మానిటర్ కోసం ఒకే రకం గ్రాఫిక్స్ కార్డులు రెండు బిగించి ఇమ్మని అడిగే ఆర్డర్లు ఇకపై తీసుకోం. రెండు ఎన్విడియా కార్డుల్ని కలిపి ఒకే గేమ్ నడిపించే ఎస్‌ఎల్‌ఐ కాలం అయిపోయింది. ఎన్విడియా 2021 జనవరి నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఒక్కో గేమ్‌కి కావాల్సిన డ్రైవర్ సెట్టింగులు) ఇవ్వడం మానేసింది. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌లో రెండు కార్డుల్ని కలిపే ఎన్‌వీలింక్ కనెక్టరే లేదు. గేమ్ రాసినవాళ్లే రెండు కార్డులకి ఏర్పాటు చేస్తే తప్ప రెండోది ఖాళీగా కూర్చుంటుంది. పైగా 12 జీబీ మెమరీ ఉన్నవి రెండు పెట్టినా ఎస్‌ఎల్‌ఐలో గేమ్‌కి దక్కేది 12 జీబీయే.

మేం చేసి ఇచ్చేది వేరు. పెద్ద కార్డు గేమ్‌ని రెండర్ చేస్తుంది, అంటే ఫ్రేముల్ని (బొమ్మల్ని) గీస్తుంది, చిన్నది లాస్‌లెస్ స్కేలింగ్ సాఫ్ట్‌వేర్‌తో మధ్య ఫ్రేములు పుట్టిస్తుంది. మానిటర్ కేబుల్ చిన్న కార్డుకే పెట్టాలి. అలవాటు కొద్దీ పెద్దదానికి పెడితే ప్రతి ఫ్రేమూ అటు వెళ్లి మళ్లీ ఇటు రావాలి, ఉన్న లాభం కాస్తా పోతుంది. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగుల్లోని గ్రాఫిక్స్‌లో పెద్ద కార్డుని, లాస్‌లెస్ స్కేలింగ్‌లో చిన్నదాన్ని ఎంచుకోండి. గేమ్‌ని 120 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) దగ్గర లాక్ చేసి, లాస్‌లెస్ స్కేలింగ్‌లో ఎక్స్2 (రెట్టింపు) పెడితే 240.

అసలు చిక్కు చిన్న కార్డుని బోర్డు మీద గుచ్చే స్లాట్ దగ్గర. పెద్ద కార్డు గీసిన ఫ్రేములన్నీ దాని గుండానే రావాలి. 4కే ఫ్రేమ్ ఒక్కోటి సుమారు 33 ఎంబీ. సెకనుకి 120 అంటే 4 జీబీ. పీసీఐఈ 3.0 ఎక్స్4 స్లాట్, అంటే నాలుగు లేన్లు (డేటా దారులు) ఉన్నది, సెకనుకి మహా అయితే 3.9 జీబీ మోస్తుంది. కార్డు ఎంత మంచిదైనా ఫ్రేములు దారిలోనే ఇరుక్కుంటాయి. 1440పీకి 1.8 జీబీ చాలు, ఇబ్బంది లేదు. చాలా బోర్డుల్లో రెండో స్లాట్ చూడ్డానికి పొడుగ్గానే ఉంటుంది, లోపల నాలుగు లేన్లే. కొన్నిట్లో ఎం.2 డ్రైవ్ (బోర్డు మీదే బిగించే ఎస్‌ఎస్‌డీ) పెట్టగానే అవీ తగ్గుతాయి. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బస్ ఇంటర్‌ఫేస్‌ని (స్లాట్ లింక్ వివరాల్ని) గేమ్ నడుస్తుండగా చూడండి. ఊరికే ఉన్నప్పుడు లింక్ వేగం తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి.

పవర్ కేబుల్ దేనికది విడిగా వెయ్యాలి. 8 పిన్ కనెక్టర్ లెక్క 150 వాట్లు, స్లాట్‌ది 75.

ఒకటి దాచకుండా చెప్పాలి. పుట్టించిన ఫ్రేములు కంటికి నునుపుగా ఉంటాయి గానీ మౌస్ స్పందనని పెంచవు. తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ఆగాలి కాబట్టి ఇంకాస్త ఆలస్యమే. పోటీ షూటర్లు ఆడేవాళ్లు డబ్బంతా ఒక్క కార్డు మీదే పెట్టండి. మాకు రెండో కార్డు అమ్ముడుపోకపోయినా ఫర్వాలేదు.

పాత పద్ధతిలో ఆర్డర్ ఇచ్చి ఇంకా డెలివరీ కానివాళ్లు బోర్డు మోడల్ నంబర్, మాన్యువల్‌లో స్లాట్ల పేజీ ఫోటో పంపండి. లేన్లు చూశాకే రెండో కార్డు బిగిస్తాం.