మాస్కులు కుట్టిన నేనే ఈ ఫిర్యాదు రాస్తున్నాను

చీమకుర్తి,
2024 మే 4.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. మీ గ్రానైట్ ఫ్యాక్టరీ పాలిషింగ్ షెడ్డులో పనిచేసే కార్మికుని భార్యను. బట్టలు కుడతాను. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మీరు ఊళ్లో పంచిన గుడ్డ మాస్కుల్లో రెండు వేలు నేనూ మా అమ్మాయీ రాత్రింబగళ్లు కూర్చుని కుట్టినవే. డబ్బు సకాలంలో ఇచ్చారు. ఆ మేలు నేను మరచిపోలేదు.

ఈ ఏడాది మీ క్యాలెండరులో ఆ మాస్కుల పంపిణీ ఫొటో వేసి, కింద ‘ప్రపంచంలో 64 శాతం మంది వాతావరణ మార్పును అత్యవసర పరిస్థితి అంటున్నారు, మా బాధ్యత మాకు తెలుసు’ అని అచ్చు వేయించారు. ఆ అంకె ఎక్కడిదో మా అమ్మాయి వెతికి చెప్పింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 50 దేశాల్లో 12 లక్షల మందిని, ఫోన్లో ఆటలాడుతున్నవారిని పలకరించి మరీ అడిగి, 2021 జనవరిలో వెల్లడించిందట. ఒకపక్క కరోనాతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూడా జనం ఆ మాట చెప్పారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. నన్ను అడిగినా అదే చెప్పేదాన్ని.

మీరు ఆ పేజీలో కరిగిపోతున్న మంచుకొండ బొమ్మ వేశారు. మాకు ఆ సంగతి మధ్యాహ్నం రెండు గంటలకు మీ రేకుల షెడ్డులో తెలుస్తోంది. 2015 మే వడగాలులకు రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఎక్కువ మంది చనిపోయిన జిల్లాల్లో మనదీ ఒకటి. అలాంటి చోట వంద మంది పనిచేసే షెడ్డుకు ఒక్క మంచినీళ్ల డ్రమ్ము, అదీ ఎండలో. గత నెల మా ఆయన పనిలోనే కళ్లు తిరిగి పడిపోతే, తోటివాళ్లు తడిగుడ్డ కప్పి ఆటోలో ఇంటికి తెచ్చారు. ఆ రోజు కూలి సగం కోశారు.

ఇక ధూళి సంగతి. పలకల అంచులు రుద్దేచోట నీళ్ల గొట్టం పాడై మూడు నెలలయింది. అప్పటి నుంచి పొడిగానే రుద్దిస్తున్నారు. బ్లేడు మీద నీళ్లు పడితే చాలావరకు దుమ్ము లేవదని మీకు నేను చెప్పాలా? చిరిగిన ఆయన పని చొక్కాకు మొన్న మాసిక వేద్దామని మిషను ఎక్కితే గుడ్డ జరగలేదు. మిషను సూది కింది పలక విప్పి చూశాను. గుడ్డను నెట్టే పళ్ల సందుల్లో బూడిదరంగు పొడి గడ్డకట్టి ఉంది. రెండుసార్లు ఉతికిన చొక్కా అది! ఆయన తెల్లవారుజామున దగ్గడం మొదలుపెడితే పాలవాడు వచ్చేదాకా ఆగదు. నేను కుట్టిన గుడ్డ మాస్కు తుమ్ముకు అడ్డం నిలుస్తుందేమో కానీ, ఇంత సన్నని రాతిపొడిని ఆపదు. కుట్టినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

దుమ్మును ఆపే ఎన్‌-95 మాస్కులు ఇమ్మని అడిగితే, ఊరి మేలు కోసం కంపెనీ ఖర్చుపెట్టే సామాజిక బాధ్యత నిధులు ఈ ఏడాదికి అయిపోయాయని మీ మేనేజరు గారు అన్నారు. ఈ ఉత్తరం రాయడానికి ఆ ఒక్క మాటే కారణం. ఊరికి మాస్కులు పంచడం మీ దయ. మీ దగ్గర పనిచేసేవాడి ఊపిరితిత్తులు కాపాడటం దయ కాదు. సొంత కార్మికుల కోసం పెట్టే ఖర్చును ఆ నిధుల లెక్కలో చూపడానికి నిబంధనలే ఒప్పుకోవు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ప్రకారం దుమ్ము కార్మికుల లోపలికి పోకుండా చూడవలసింది యజమానే.

నీళ్ల గొట్టం ఈ వారంలోనే బాగుచేయించండి. అంతవరకు పొడి రుద్దుడు ఆపించండి. మాస్కులు ఇవ్వండి, అవి పాడైనప్పుడల్లా మార్చండి. ఎండలు తగ్గేదాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు షెడ్డు పని మాన్పించి, ఆ గంటలను తెల్లవారుజాముకు జరపండి. కూలి మాత్రం కోయవద్దు. షెడ్డులో అందరికీ ఊపిరితిత్తుల పరీక్ష చేయించి, ఆ కాగితాలు ఎవరివి వారి చేతికే ఇప్పించండి. పోయినసారి చేసిన పరీక్షల ఫలితం ఇప్పటికీ మాకు తెలియదు.

మిషను నుంచి తీసిన పొడిని చిన్న పొట్లం కట్టి ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇదే ఉత్తరం, ఇలాంటి మరో పొట్లం ఒంగోలులో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారికి ఇస్తాను.

ఇట్లు,
మీ పాలిషింగ్ కార్మికుని భార్య