గేదె పాలు పితికిన అయ్యగారు

అమ్మలూ,

ఉద్యోగం మానేసి పాస్టరు సేవకి వెళ్తానని చెప్పి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ నాన్న ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లి కొబ్బరి మట్టలు చీలుస్తూ కూర్చున్నారు, రాత్రి తొమ్మిదిన్నర దాకా, ఆ దోమల్లో. అన్నానికి పిలిస్తే "ఎం.ఎస్సీ. చదివించింది ఇందుకా" అని ఒక్క మాట అన్నారు. అది కోపం కాదులే, టెన్షన్. నేనూ ఫోన్లో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన పక్కనే ఉన్నారు, పైగా నువ్వు "అమ్మా, దేవుడు నాతో చాలా క్లియర్‌గా మాట్లాడాడు" అన్నాక ఇంక నేను అడగడానికి ఏం మిగిలింది? వాట్సాప్‌లోనే పంపిస్తున్నాను గానీ ఉత్తరం అనుకుని చదువు. చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోకు.

ముందు ఆ మాట సంగతే చెప్తాను. మన సంఘాల వ్యవహారాలు చూసే పాస్టరేటు కమిటీలో ఆరేళ్లు కూర్చున్నాను కదా, ఆడవాళ్ల సమాజం స్త్రీల మైత్రి తరఫున, పదకొండు మంది మగాళ్ల మధ్య ఒక్కదాన్ని. సేవకి వెళ్తానని వచ్చిన ప్రతి అబ్బాయీ ఆ మాటే అన్నాడు. దేవుడు చెప్పాడు అన్నాక ఎదుటివాళ్ల నోరు మూతపడుతుంది, కాదంటే దేవుణ్ణి కాదన్నట్టు అవుతుందని అందరికీ భయం. కానీ సమూయేలు కథ ఆదివారపు బడిలో నీకు నేనే చెప్పాను, మళ్లీ ఒకసారి చూడు. పిల్లాడికి పిలుపు వినపడింది గానీ అది ఎవరిదో వాడికి తెలీలేదు, మూడుసార్లు లేచి యాజకుడు ఏలీ దగ్గరికే పరిగెత్తాడు. అది దేవుడిదని గుర్తుపట్టింది ఆ కళ్లు కనపడని ముసలాయన. ఆ ఏలీ కొడుకులు కూడా యాజకులే, తండ్రి వెనక ఆ పనిలోకి వచ్చినవాళ్లే, బలి మాంసంలో ముళ్ల గరిటె గుచ్చి తమ వాటా లాక్కున్నారు. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత అల్లుడు అని నడిచే సంఘాలు చూసినప్పుడల్లా నాకు ఆ గరిటే గుర్తొస్తుంది.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి.

తాతయ్య పోయిన రాత్రి నువ్వు మూడో తరగతి. తుపాను వాన, కరెంటు లేదు, వీధిలో మోకాలి లోతు నీళ్లు. అప్పటి మన పాస్టరు అయ్యగారు, సన్నగా, నత్తిగా మాట్లాడేవారు చూడు, ఆయన మోపెడ్ చెరువు గట్టు మీద వదిలేసి నడిచి వచ్చారు. ఇంట్లో అందరం ఏడుస్తున్నాం. వెనక కొట్టంలో గేదె అరుస్తోంది. సాయంత్రం నుంచి పాలు పితకలేదు, తాతయ్యే పితికేవాడు దాన్ని, ఇంకొకళ్లని దగ్గరికి రానిచ్చేది కాదు. పొదుగు రాయిలా అయిపోయి అది అరుస్తుంటే మాకెవరికీ వినపడలేదంటే నమ్ము. ఆయన వచ్చి తాతయ్య దగ్గర ఓ నిమిషం నిలబడ్డారు, ప్రార్థన కూడా చెయ్యలేదు, "బిందె ఏదమ్మా" అని అడిగారు. పంచె పైకి కట్టి, తాతయ్య తుండుగుడ్డ దండెం మీంచి తీసి భుజాన వేసుకుని వెళ్లారు. గేదెకి ఆ వాసన తెలుసు కదా. ముప్పావు గంట కూర్చున్నారు దాని దగ్గర. తర్వాత ఆ పాలే కాచి అమ్మమ్మ చేత ఒక గ్లాసు తాగించారు. సమాధి తవ్వేవాళ్లకి కబురు పంపారో లేదో కనుక్కున్నారు. ప్రార్థన తెల్లవారుజామున చేశారు, నాలుగు ముక్కలు.

మూడేళ్ల తర్వాత ఆయన్ని బదిలీ చెయ్యమని బిషప్పు గారి డయాసిస్‌కి కాగితం పెట్టాం. ప్రసంగంలో పవర్ లేదు, పాట రాదు, యూత్ పక్క ఊరి కూటాలకి పోతున్నారు అని కారణాలు. అసలు కారణం వేరే ఉంది. మందిరం స్థలంలో షాపులు కట్టే కాంట్రాక్టు ఒక పెద్దమనిషికి ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. నాకు తెలుసు ఆ సంగతి. మీటింగు రాత్రి వెస్ట్రీ గదిలో, స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చారు, కాగితం చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది, అప్పటికి అయిదు సంతకాలు ఉన్నాయి. ఆరోది నాది. ఎవరూ బలవంతం చెయ్యలేదమ్మా. టీ చల్లారిపోతోంది, ఇంటికి వెళ్లి నీకు అన్నం పెట్టాలి, పెట్టేశాను.

తర్వాత వచ్చినాయన గొంతు చాలా బావుండేది.

ఇదంతా చెప్తున్నది నిన్ను ఆపడానికి కాదు. పాస్టరుని ఎంచుకోవడంలో మేం ఏం చూశామో నీకు తెలియాలి, ఎందుకంటే రేపు నిన్ను చూసేదీ మాలాంటివాళ్లే. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం తీసి పెన్సిలుతో గీతలు పెట్టుకో. మితానుభవుడు, అతిథిప్రియుడు, కొట్టువాడు కాడు, ధనాపేక్ష లేనివాడు అని అంత పెద్ద పట్టిక ఉంది కదా, అందులో చేతనైన పని అని చెప్పదగ్గవి బోధించడం, ఇల్లు చక్కపెట్టుకోవడం, అంతే. మిగతాదంతా మనిషి ఎలాంటివాడన్నదే. పాట లేదు, గొంతు లేదు. చివర్లో సంఘానికి బయట ఉన్నవాళ్ల దగ్గర కూడా మంచి పేరు ఉండాలి అంటాడు. మా ఆరేళ్లలో ఒక్క అబ్బాయి గురించి కూడా వాళ్ల వీధిలో కిరాణా కొట్టువాణ్ణి అడిగిన పాపాన పోలేదు. ఎవరి అబ్బాయి, ఏ పేట, ఇంగ్లీషు వచ్చా, ఇవే అడిగాం. ఏ పేట అంటే నీకు తెలుసుగా, మాలా మాదిగా అని నోటితో అనకుండా అడిగే పద్ధతి. యేసు రక్తంలో అందరం ఒక్కటే అని పాడి వచ్చి, కమిటీ ఎన్నికల్లో ఎవరి పేట ఓట్లు వాళ్లు లెక్కపెట్టుకుంటాం.

నువ్వు అడిగావు, బాప్టిస్టుల్లోకి వెళ్తే సంఘమే పిలుస్తుంది కదా, ఈ డయాసిస్ రాజకీయాలు ఉండవు కదా అని. అమ్మమ్మ ఒంగోలు వైపు మనిషి కాబట్టి ఆ పద్ధతీ కొంత తెలుసు నాకు. అక్కడ బిషప్పు ఉండడు, సంఘమే పిలుస్తుంది, సంఘమే పొమ్మంటుంది. పొమ్మన్న రోజు అడ్డుపడేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ అమ్మమ్మ చెప్పే కథ ఒకటి నాకు ఇష్టం. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, అందరూ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు చెప్తారు. నీళ్లలో దిగి ఇచ్చింది మాత్రం ఆరుగురు మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. అంతకుముందు కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించినప్పుడు కూలీల మీద మేస్త్రీలుగా నిలబడినవాళ్లలో మన బోధకులే ఉన్నారు. బోధకుడు ఎలాంటివాడో జనానికి కూలి డబ్బులు ఇచ్చే దగ్గరే తెలిసిపోయి ఉంటుంది, నాకలా అనిపిస్తుంది. ఏ కమిటీ ఇంటర్వ్యూ అంత తేల్చగలదు చెప్పు.

ఇంక ఎవరూ ఎంచుకోకుండానే అయ్యేవాళ్లు ఉన్నారు. అద్దె హాలు, సౌండ్ బాక్సులు, ఫ్లెక్సీ మీద భార్యాభర్తల ఫోటో, ఫ్లెక్సీ మీదే రెవరెండ్. వాళ్లలో నిజంగా ప్రాణం పెట్టి చేసేవాళ్లు లేరనను. మన రైలు గేటు దగ్గర ఆయన రిక్షా తొక్కుకుంటూనే సంఘం నడిపాడు. కానీ నువ్వు ఆ దారి పట్టకు. కాదు అని చెప్పగలిగే మనిషి ఒకరైనా పైన లేని చోట నిన్ను ఉంచాలని నాకు లేదు.

ఇంకో అనుమానం ఉంది నాకు. దోర్నకల్ అజరయ్య బిషప్పు గారు, 1912లో బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్లలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయన. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ల చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారట. కూలివాళ్ల చేత, చదువు రాని ఆడవాళ్ల చేత. అంటే ఆ పిలుపు అందరిదీ. నీకు ఆ ప్రార్థన రిట్రీట్‌లో వచ్చింది అదేనా, లేక అయ్యగారి పనికి వచ్చిన పిలుపా? అయ్యగారి పని అంటే బాప్తిస్మాల రిజిస్టరు, సమాధి తోట గోడ తగాదా, కానుకల లెక్క, పాస్టరేటు వాటా కట్టకపోతే ఆగిపోయే జీతం, కొన్నేళ్లకోసారి సామాను సర్దుడు. ప్రసంగం వారానికి అరగంట.

ఆడపిల్లవన్న మాట నేను ఎత్తకూడదనే అనుకున్నాను. మన సీఎస్ఐలో, అదే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, ఆడవాళ్లకి పాస్టరుగా అభిషేకం ఎప్పటి నుంచో ఉంది, నంద్యాలలో పుష్పలలితమ్మగారు 2013లో బిషప్పు కూడా అయ్యారు, మొత్తం సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్పు మన తెలుగావిడే. కాబట్టి దారి లేదని ఎవరూ అనలేరు. అయినా మన కమిటీ ముందు కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్న "పెళ్లి సంగతేంటమ్మా" అనే ఉంటుంది. అబ్బాయిల్ని ఎవరూ అడగలేదు. తర్వాత నిన్ను అయ్యగారు అనాలా అమ్మగారు అనాలా అని తేల్చడానికి ఒక సబ్ కమిటీ వేస్తారు, నీ మొగుణ్ణి ఏమనాలో తేలక ఇంకోటి. నవ్వుకో, నేనూ నవ్వుకున్నాను. కులం సర్టిఫికెట్ గురించి అడుగుతారేమో, భయపడకు, నాన్న మొదటి నుంచీ క్రైస్తవులైన ఎస్సీలకి ఇచ్చే బీసీ-సీ అనే తీసుకున్నారు, ఆ ఒక్క శాతం రిజర్వేషన్లోనే నీ సీటు వచ్చింది, దాచడానికేం లేదు.

ఉద్యోగం అప్పుడే మానెయ్యకు. ఏసీటీసీ, ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, ఎక్కడికీ పోదు, 1964లో రాజమండ్రిలో పెట్టి హైదరాబాదుకి మార్చారు, నీ హాస్టల్ నుంచి సిటీ బస్సులో వెళ్లిపోవచ్చు. పాస్టరు చదువైన బీడీ అప్లికేషన్‌కి మన అయ్యగారి ఉత్తరం, కమిటీ సిఫార్సు కావాలంటారు. నేను ఇప్పుడు కమిటీలో లేను, ఉన్నా నీకు సంతకం పెట్టను, తల్లిని కాబట్టి. ముందు సెలవు పెట్టి రెండు నెలలు ఇక్కడికి రా. అయ్యగారితో నాలుగు పల్లెలూ తిరుగు. కూటాల్లో మాట్లాడకు, మంచం పట్టినవాళ్ల దగ్గర కూర్చో, లంక అవతల ముసలమ్మలకి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకెళ్లేటప్పుడు ఆ పెట్టె మొయ్యి. వాళ్లు నీ గురించి ఏమంటారో నేను విని చెప్తాను. బావుంటే బావుందంటాను, లేకపోతే అదీ చెప్తాను. దేవుడు నీతో మాట్లాడితే వాళ్లకీ కొంచెం వినపడాలి కదా.

వచ్చినప్పుడు ఇంకో పని ఉంది. ఆ అయ్యగారు రిటైరై ఏలూరు దగ్గర కూతురి ఇంట్లో ఉంటున్నారట, చూపు తగ్గిందని చెప్పారు. ఎవరు సేవకి వెళ్తానన్నా ముందు ఆయన్ని కలవమని చెప్పాలనిపిస్తుంది నాకు, కానీ ఆయన ఎదుటికి వెళ్లి పద్నాలుగేళ్లయింది, ఆ కాగితం మీద ఎవరెవరి సంతకాలు ఉన్నాయో ఆయనకి తెలుసో లేదో కూడా తెలీదు. నువ్వు వెళ్లేటప్పుడు నేనూ వస్తాను. నువ్వు ఆయన్ని అడగాల్సింది అడుగు, నేను చెప్పాల్సింది ఒకటుంది.

శుక్రవారం రాత్రి బస్సుకి టికెట్ తీసుకో, కిటికీ పక్క సీటు వద్దు, ఏసీ గాలికి నీకు జలుబు చేస్తుంది. నాన్నకి నేను చెప్తాను.

మీ అమ్మ