తూకం చీటీ చూపిస్తేనే ట్రాక్టర్ కిరాయి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఉగాదికి ముందు మా ఇంట్లో రెండు బాత్రూములు పగలగొట్టించాం. 1998లో కట్టిన ఇల్లు. గోడలకు గులాబీ రంగు టైల్స్, ప్రతి నాలుగో టైల్‌పైన తామరపువ్వు. అప్పట్లో మా ఆవిడ షాపులన్నీ తిరిగి ఎంచినవి. నాలుగు రోజుల్లో నూటికి పైగా సిమెంటు సంచుల నిండా పెళ్ళలు, ఇటుక ముక్కలు గేటు ముందు చేరాయి. మేస్త్రీ ఫోన్ చేస్తే అరగంటలో ట్రాక్టర్ వచ్చింది. ట్రిప్పుకు 1,800 రూపాయలు, మొత్తం రెండు ట్రిప్పులు. ఎక్కడ పోస్తావు బాబూ అని అడిగితే, "మీ వాకిలి ఖాళీ అయితే చాలు కదా సార్" అన్నాడు.

మొదటి ట్రిప్పు పోసి ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చాడు. నేను 31 ఏళ్లు సిటీ బస్సు నడిపినవాణ్ణి. ఇలాంటి కట్టడ వ్యర్థాలు తీసుకునే ఫతుల్లాగూడ ప్లాంటు దాకా వెళ్లి, తూకం వేయించి, దించి ఇరవై నిమిషాల్లో నాగోల్‌కు ఎవరూ రాలేరు. ఆ సంగతి తెలిసీ డబ్బులు చేతిలో పెట్టాను.

వారం తర్వాత పొద్దున వాకింగ్‌కు మూసీ వైపు వెళ్తే, గట్టు దిగువన కొత్తగా ఒక కుప్ప కనిపించింది. పైనే సగం విరిగిన తామరపువ్వు. దాన్ని తెచ్చి మా ఆవిడకు చూపించాలా వద్దా అని కాసేపు నిలబడి, చివరికి అక్కడే వదిలేసి వచ్చాను.

ట్రాక్టర్ కుర్రాణ్ణి తిట్టడం తేలిక. కానీ అతని లెక్క చూడండి. నేనిచ్చేది ట్రిప్పుకు. కిలోమీటరుకూ కాదు, దించిన చోటుకూ కాదు. దగ్గర్లో పోస్తే డీజిల్ మిగులుతుంది, ఇంకో ట్రిప్పు దొరుకుతుంది. ప్లాంటుకు వెళ్తే డీజిల్ ఖర్చు, లైన్లో టైమ్ వేస్ట్. మేం బస్సుకు కలెక్షన్ లెక్క చూసుకున్నట్టే అతనూ తన లెక్క చూసుకుంటున్నాడు.

నగరంలో ప్లాంట్లు లేవనీ అనలేం. జీడిమెట్లలో ఒకటి, మాకు దగ్గర్లోనే ఫతుల్లాగూడలో ఒకటి ఉన్నాయి. ఒక్కోదాని సామర్థ్యం రోజుకు 500 టన్నులు. ఈ పెళ్ళలనే నలగ్గొట్టి, జల్లించి, కడిగి మళ్లీ ఇసుక, కంకర తీస్తారు, పేవర్ బ్లాకులు పోస్తారు. 2016 కేంద్ర నియమాల్లో వ్యర్థాలు పుట్టించినవాళ్లు వాటిని రోడ్డు మీద, కాలవల్లో వేయకూడదని ఉండేది. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు, మట్టి, ఇటుకలు, ఇనుము-కలప వంటివి విడివిడిగా పెట్టి, ముందే ప్లాన్ కూడా ఇవ్వాల్సి ఉండేది. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త నియమాల్లో ఉత్పత్తిదారు బాధ్యత, అంటే తన వ్యర్థాలను రీసైకిల్ చేయించాల్సిన బాధ్యత అన్నది 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కట్టడాలకే. అంతా పెద్ద బిల్డర్ల కొలత. మా రెండు బాత్రూములూ కలిపి ఐదు టన్నులు కూడా ఉండవు. కానీ మా వీధిలోనే ఈ ఎండాకాలం నాలుగిళ్లు పగలగొట్టారు. అలాంటి వీధులు నగరంలో ఎన్నో మీకూ తెలుసు.

నేను అడిగేది రెండే. డివిజన్‌కు ఒక చోట, ప్రహరీ కట్టిన ఖాళీ స్థలంలో, చిన్న ట్రిప్పులు దించుకునే ఏర్పాటు చేయాలి. అక్కణ్ణుంచి ప్లాంటుకు పెద్ద లారీలో మున్సిపాలిటీవాళ్లే తీసుకెళ్లాలి. రెండోది, దించిన ప్రతి ట్రిప్పుకూ తూకం చీటీ ఇవ్వాలి. ఆ చీటీ చూశాకే ఇంటాయన కిరాయి ఇవ్వాలని వార్డు ఆఫీసువాళ్లు గట్టిగా చెప్పాలి. బస్సులో టికెట్ కొట్టకుండా డబ్బులు తీసుకుంటే చెకింగ్‌లో కండక్టర్ ఉద్యోగమే పోయేది. ఇక్కడ అసలు టికెట్టే లేదు.

వచ్చే నెల వంటగది గట్టు మార్పించాలి. ఈసారి చీటీ తెస్తేనే కిరాయి అని మేస్త్రీకి ముందే చెప్పాను. ఆయన నవ్వి, "అట్లయితే ట్రాక్టర్ ఎవరూ తోలుకురారు సార్" అన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
నాగోల్, హైదరాబాద్