ముందు కాగితం, తరువాతే చర్చ

సంపాదకుల వారికి,

కొత్త ఆలోచన కావలసి వచ్చినప్పుడల్లా అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, తోచింది చెప్పమనడమే మేధోమథనం అన్న నమ్మకం కార్యాలయాల్లోనూ విద్యాసంస్థల్లోనూ బలంగా పాతుకుపోయింది. అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్బర్న్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించగా, బృందంగా కూర్చున్న నలుగురి కంటే విడివిడిగా పనిచేసిన నలుగురి ఆలోచనలను కలిపి లెక్కించినప్పుడే సంఖ్య ఎక్కువగా ఉందని తేలింది. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ తక్కినవారు ఆగవలసి రావడం, ఆ నిరీక్షణలో తమకు తట్టినది జారిపోవడం ఇందుకు ముఖ్య కారణం. పెద్ద అధికారి ముందుగా నోరు విప్పితే ఇక చెప్పనక్కరలేదు, అందరి ఊహలూ ఆ దారినే పడతాయి.

ఆస్బర్న్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. విమర్శను వాయిదా వేయాలన్న ఆయన సూత్రం నేటికీ విలువైనదే, వ్యక్తిగత ఆలోచనకు బృందచర్చ తోడు మాత్రమేనని ఆయనే అన్నారు.

1968లో జర్మనీకి చెందిన బెర్న్‌డ్ రోర్‌బాఖ్ సూచించిన రాతపద్ధతికి మరింత ప్రచారం రావాలి. ఆరుగురు సభ్యులు ఐదు నిమిషాల్లో తలా మూడు ఆలోచనలు రాసి కాగితాన్ని పక్కవారికి అందిస్తారు. అందుకున్నవారు వాటిని చదివి, పొడిగించో మార్చో, మరో మూడు చేరుస్తారు. కాగితాలు అందరి చేతులూ తిరిగేసరికి, అంటే అరగంటలో, 108 ఆలోచనలు పోగవుతాయి. అందులో అధికభాగం పనికిరాకపోవచ్చు. అయితే బిడియస్తుడి ఆలోచన కూడా అక్కడ తప్పక నమోదవుతుంది. సమావేశాలు నిర్వహించేవారు చర్చకు ముందు ఈ అరగంటను కేటాయించాలని, ఏరివేత పనిని మరునాటికి ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు