నా హార్డ్‌డిస్కును నిలబెట్టిన సీసీ కెమెరాల బాబాయ్‌కి

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయినా ఇది రాశాకే పడుకుంటాను. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే ఆడవాళ్లతో నా పీహెచ్‌డీ కోసం రికార్డు చేసిన మాటలన్నీ దొరికాయి. ఒక్క ఫైలు కూడా పోలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పాత లాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. అందులోని 500 జీబీ హార్డ్‌డిస్కు తీసి యూఎస్‌బీ బాక్సులో పెట్టాం. కొత్త లాప్‌టాప్‌లోని విండోస్ దాన్ని చూడగానే ఫార్మాట్ చేయమంటోంది. అది లైనక్స్ (విండోస్ బదులు వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) డిస్కు మరి, దానిమీది ఈఎక్స్‌టీ4 పద్ధతి విండోస్‌కి మామూలుగా అర్థం కాదు. సరే, లైనక్సే వేద్దామంటే ఇన్‌స్టాలర్‌కి కొత్త లాప్‌టాప్ లోపలి డిస్కే (ఎస్‌ఎస్‌డీ) కనపడదు. పెన్‌డ్రైవ్ మీద లైనక్స్ నడిపి బాక్సు తగిలిస్తే, కాపీ మొదలైన కాసేపటికే తెగిపోతోంది. సర్వీస్ సెంటర్‌లో అయితే "లైనక్స్‌కి సపోర్ట్ ఉండదు మేడమ్, ఫార్మాట్ కొట్టేయమంటారా?" అన్నారు, మౌస్ ఆ బటన్ మీదే పెట్టి. డిస్కు లాక్కుని బయటికొచ్చేశాను.

అరండల్‌పేటలో ఒక చిన్న షాపులో ఇదంతా మళ్లీ చెబుతుంటే, డీవీఆర్ (కెమెరా రికార్డింగులు దాచే పెట్టె) రిపేరుకి తెచ్చిన ఒక పెద్దాయన పక్కనే నిలబడి విన్నారు. సీసీ కెమెరాలు బిగించే పని ఆయనది. "ఇందులో ఏముంది తల్లీ?" అన్నారు. అంతకుముందు అందరూ ఏ కంపెనీ, ఎన్ని జీబీలు, బిల్లుందా అనే అడిగారు. ఏముందని అడిగిన మొదటి మనిషి ఈయనే. మిర్చి ఘాటుకి దగ్గుతూనే వాళ్లు కూలి లెక్కలు, పిల్లల చదువులు ఎలా చెప్పుకొచ్చారో చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా ఫోన్ తీసి, పట్టాభిపురంలో ఎవరికో "మీ కెమెరాలు రేపు కాదండీ, ఎల్లుండి బిగిస్తాను, ఏమీ అనుకోవద్దు" అన్నారు. ఆ కస్టమర్ కోసం కొన్న 2 టీబీ డిస్కు సీలు నా ఎదురుగానే విప్పేశారు. "ముందు దీనిమీదికి కాపీ. మిగతావన్నీ తర్వాత." అక్కడే ఏడ్చేశాను, షాపులో అందరూ చూస్తుండగా.

లైనక్స్ తన సందేశాలు చూపించే డీమెసేజ్‌లో ఎర్రర్లు చదివి, తప్పు డిస్కుది కాదు, డిస్కుని యూఎస్‌బీకి కలిపే బాక్సులోని బ్రిడ్జి చిప్‌ది అని తేల్చారు. యూఏఎస్ అనే యూఎస్‌బీ పద్ధతిలో కంప్యూటర్ డిస్కుకి ఒకేసారి చాలా ఆర్డర్లు పంపిస్తుందట. "హోటల్లో కొత్త సర్వర్‌కి పది టేబుళ్ల ఆర్డర్లు ఒక్కసారే చెబితే ఏమవుతుందమ్మా? ఒక్కోటే చెబుదాం" అన్నారు. తగిలించిన యూఎస్‌బీ వస్తువుల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో కనపడిన బాక్సు గుర్తింపు నంబర్లు రెండూ యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్ అనే సెట్టింగ్‌లో రాసి, ఈ బాక్సుకి యూఏఎస్ వాడొద్దని చెప్పే యు అక్షరం చివర చేర్చారు. స్పీడు తగ్గింది, కానీ మళ్లీ తెగలేదు. ఆయన దగ్గరున్న ఒక్క డాక్‌లో (డిస్కును కంప్యూటర్‌కి తగిలించే స్టాండు) కొత్త డిస్కు పెట్టి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో నా డిస్కు మొత్తానికీ ఇమేజ్, అంటే అచ్చు నకలు, తీశారు. అది పూర్తయ్యేదాకా ఒక్క ఫైలు కూడా తెరవనివ్వలేదు.

రాత్రి షట్టర్ సగం దించాక ఎస్‌ఎస్‌డీ సంగతి పట్టుకున్నారు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లు చాలావాటిలో వీఎండీ అనే డిస్కుల సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ దాని వెనక ఉంటుంది, పాత కెర్నల్‌కి (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) కనపడదు. నా లాప్‌టాప్ బయోస్‌లో (ఆన్ చేయగానే వచ్చే సెట్టింగుల తెర) అసలు ఆ లైనే లేదు. మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే అప్పుడొచ్చింది! ఆపేస్తే ఇప్పుడున్న విండోస్ లేవదని చెప్పి, నాకు అది అక్కర్లేదా అని రెండుసార్లు అడిగి మరీ ఆపారు. ఎస్‌ఎస్‌డీ వెంటనే కనపడింది.

ఇది రాయకుండా ఉండలేను. డబ్బు పెట్టి కొన్న మెషీన్‌లో, నా డిస్కు నాకు కనపడే మీటను ఎవరికీ చెప్పని తాళం వెనక ఎందుకు దాచాలి? యూఎస్‌బీ బాక్సు అట్ట మీద లోపల ఏ చిప్ ఉందో ఒక్క ముక్క ఉండదు. ఒకే అట్టలో ఈ నెల ఒక చిప్, వచ్చే నెల ఇంకోటి. స్కాలర్‌షిప్ డబ్బులతో కొనేవాళ్లం ఏం చూసి కొనాలి? సపోర్ట్ లేదనే హక్కు వాళ్లకి ఉందేమో, అడక్కుండా ఫార్మాట్ మీదికి మౌస్ తీసుకెళ్లే హక్కు ఎవరిచ్చారు?

బాబాయ్ రూపాయి తీసుకోలేదు. పేరు కూడా రాయొద్దన్నారు. అమ్మకీ, లాప్‌టాప్‌కి డబ్బులు సర్దిన అన్నయ్యకీ థాంక్స్.

అన్నట్టు, ఆ రాత్రి మాకోసం షాపు తెరిచే ఉంచిన ఓనరు గారికి, టీలు మోసిన అబ్బాయికి కూడా. అయ్యో, హైదరాబాద్ నుంచి ఫోన్‌లో ధైర్యం చెప్పిన హాస్టల్ ఫ్రెండ్‌ని మర్చిపోయాను, తిట్టకే! ఇంకొకటి: ఇలా మొండికేసే బాక్సుల నంబర్లన్నీ కెర్నల్‌లో అన్‌యూజువల్ యూఏఎస్ అనే ఫైలులో రాసిపెట్టిన ముఖం తెలియనివాళ్లకి దండం. నా బాక్సు అందులో లేదు, దాని వివరాలు పంపిస్తాను.

బాబాయ్, మీ 2 టీబీ డిస్కు అలాగే భద్రంగా ఉంది. పట్టాభిపురం వాళ్లకి ఆలస్యమవకుండా రేపు పొద్దున్నే కొత్తది కొని తెస్తాను. వద్దనకండి.